ముందు సైకిళ్లను తరుముదాం

బిచ్కుందకు మున్సిపాలిటీ హోదా వచ్చింది. బోర్డు మారింది, పన్ను మారబోతోంది, కొందరి నడక తీరు కూడా మారింది. ఒక్క విషయంలో మాత్రం ఊరు పంచాయతీ కాలం దాటలేదు. సైకిళ్లు ఇంకా తిరుగుతున్నాయి. పాల క్యాన్లు వేలాడేసుకుని ఒకటి, వెనక గడ్డిమోపు కట్టుకుని ఒకటి, బడిపిల్లలు ముగ్గురెక్కి ఒకటి. తొక్కేవాళ్లలో ఒక్కరికి కూడా తాము భూగోళాన్ని కాపాడుతున్నామన్న సంగతి తెలియదు. నెత్తిన హెల్మెట్ లేదు, నోట్లో నినాదం లేదు, టీషర్టు మీద స్పాన్సరు పేరు లేదు. ఇట్లా అయితే మన ఊరికి సైకిల్ ఉద్యమం ఏ జన్మలో వస్తుంది?

అసలు కిటుకు పెద్ద నగరాలకు తెలుసు. సైకిల్ ఉద్యమం రావాలంటే ముందు సైకిల్ పోవాలి.

హైదరాబాద్‌నే చూడండి. ఒకనాడు గుమాస్తాలు, ఫ్యాక్టరీ కార్మికులు, విద్యార్థులు, పేపరు వేసే పిల్లలు అందరూ సైకిళ్ల మీదే పోయేవాళ్లు. అప్పుడు ట్రాక్ లేదు, క్లబ్బు లేదు. తర్వాత రోడ్లు వెడల్పు చేశారు, ఫుట్‌పాత్‌లు చెక్కేశారు, ఫ్లైఓవర్లు లేపారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేసి, దాని మీదికి సైకిల్ రావద్దన్నారు, స్కూటర్ కూడా రావద్దన్నారు. తొక్కేవాళ్లు దాదాపు మాయమయ్యాక, 2023 అక్టోబర్ 1న, అదే ఔటర్ పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ కప్పు, ఆ కప్పు మీద 16 మెగావాట్ల కరెంటు. ట్రాక్ బాగుందా అంటే బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పాలు పోసేవాడు, వాచ్‌మన్, కూలికి పోయేవాడు పోవాల్సిన దారిలో లేదన్నదొక్కటే లోటు. అది ఎక్కడికో పోవడానికి కాదు, తొక్కి తిరిగి రావడానికి.

మా బామ్మర్ది అక్కడే నార్సింగి వైపు ఉంటాడు. ఆదివారం తెల్లారుజామున సైకిల్‌ను కారు నెత్తిన కట్టి ట్రాక్ దాకా తీసుకుపోతాడు, తొక్కి మళ్లీ కారు నెత్తిన కట్టి ఇంటికి తెస్తాడు. ఇంటి నుంచే తొక్కుకుంటూ పోవచ్చు కదా అంటే, "ఆ రోడ్డు మీద సైకిలా? పిచ్చా బావా!" అన్నాడు. ఉద్యమకారుడికి ఆ మాత్రం ప్రాణభీతి ఉండాల్సిందే.

మొన్న పండుగకు ఆ సైకిల్‌తోనే బిచ్కుంద వచ్చాడు. పొద్దున్నే బిగుతు నిక్కరు, నల్ల కళ్లద్దాలు వేసుకుని పంచర్ దుకాణం ముందు గాలి కోసం ఆగాడు. ముసలాయన పైకీ కిందికీ చూశాడు.

"ఏం కొడుకా, కారు ఖరాబైందా?"

"లేదు తాతా, ఫిట్‌నెస్ కోసం."

"ఎంత వడ్డది ఇది?"

"లక్షా పదివేలు."

ముసలాయన సైకిల్ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. "క్యారేజ్ ఏది?"

"ఉండదు."

"స్టాండు? మడ్‌గార్డు? బెల్లు?"

"బరువు తగ్గాలని అవి పెట్టరు తాతా."

"అన్నీ పీకేసినంక లక్ష అయితే, అన్నీ ఉన్న నా హెర్క్యులిస్‌కు ఎంతియ్యాలె నువ్వు?"

బామ్మర్ది దగ్గర జవాబు లేదు. ప్రభుత్వం దగ్గర మాత్రం ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిల్ మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5కు దించారు. దండం పెట్టాల్సిందే. అదే రోజు చిన్న కార్ల మీద 28 నుంచి 18కి దించారు. పన్ను కలపక ముందు అయిదు వేలుండే సైకిల్ మీద మిగిలింది 350 రూపాయలు. అయిదు లక్షల కారు మీద మిగిలింది 50 వేలు, సెస్సు పోయిన లాభం వేరే. సైకిల్ కొనుక్కుని ఆదా చేద్దామనుకున్నవాడికి లెక్కలు రావని తేలిపోయింది.

మనది మెజారిటీ రాజ్యం అంటారు. 2011 జనగణన ప్రకారం దేశంలో సైకిల్ ఉన్న ఇళ్లు 44.8 శాతం. కారు, జీపు, వ్యాను కలిపి ఉన్న ఇళ్లు 4.7 శాతం. ఆ తర్వాత కార్లు పెరిగాయి, కాదనను. కానీ రోడ్డు పంపకం మాత్రం ఆ 4.7 శాతం ఉన్న కాలంలోనే అయిపోయింది. మోటారు బండికి నడిరోడ్డు, సైకిల్‌కు తెల్లగీత అవతల మొరం. మంజీర నుంచి ఇసుక టిప్పరు వస్తుంటే బడికి పోయే పిల్లవాడు ఆ మొరంలోకి దిగి, ఒక కాలు కింద పెట్టి నిలబడతాడు. దుమ్ము తగ్గాక మళ్లీ ఎక్కుతాడు. దీన్ని ఇంజనీర్లు ట్రాఫిక్ సాఫీగా సాగడం అంటారు.

ఢిల్లీలో 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం రాసుకున్నారు. రోడ్డు స్థలాన్ని బండ్లను చూసి కాదు, మనుషులను చూసి పంచాలన్నది దాని సారం. ఎంత మంచి మాటో! ఆ కాగితం ఏ కారులో వెళ్లిందో ఇంకా బిచ్కుంద చేరలేదు.

నెదర్లాండ్స్ వాళ్లకు మాత్రం ఓపిక తక్కువ. 1971లో అక్కడ రోడ్ల మీద మూడు వేలకు పైగా మనుషులు పోయారు, అందులో నాలుగు వందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి 'పిల్లల హత్యలు ఆపండి' అని ఉద్యమం పేరే అట్లా పెట్టుకున్నారు. రెండేళ్లకు చమురు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, ఖాళీ రోడ్డు ఎట్లుంటుందో జనం కళ్లారా చూశారు. ఇవాళ అక్కడ సైకిళ్లదే రాజ్యం. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. మనం ఉద్యమం చెయ్యలేదు. హెల్మెట్ ఉందా లేదా అని మాత్రం అడిగాం.

సైకిల్‌కు రాజకీయ బలం లేదని కూడా అనలేం. 1983లో సైకిల్ గుర్తు పార్టీ ఉమ్మడి రాష్ట్రాన్నే గెలుచుకుంది. ప్రచారానికి ఎన్టీ రామారావు ఎక్కింది మాత్రం షెవ్రోలే వ్యాను, చైతన్య రథం. ఆ తెలివి అప్పటి నుంచీ అన్ని పార్టీలకూ అబ్బింది. అట్లాస్ సైకిళ్ల కంపెనీకి అబ్బలేదు పాపం. మిగిలిన ఒక్క ఫ్యాక్టరీని సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న మూసుకుంది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

కాబట్టి బిచ్కుంద మున్సిపాలిటీకి నా సలహా. తొందరపడి ఇప్పుడే ట్రాక్ వెయ్యకండి. ముందు బస్టాండు రోడ్డు వెడల్పు చేసి నీడనిచ్చే వేపచెట్లు కొట్టించండి. నడుమ డివైడర్ లేపండి. అవతలి ఒడ్డున ఉన్న కిరాణా దుకాణానికి సైకిల్‌వాడు ఊరు చివర యూటర్న్ దాకా పోయి రావాలి. రెండు పక్కలా కార్లు ఉచితంగా నిలబెట్టుకోనివ్వండి. సైకిల్‌కు ఆ సౌకర్యం ఇవ్వడం మన సంప్రదాయం కాదు. వెనకటికి మున్సిపాలిటీలు సైకిల్‌కు పన్ను కట్టించుకుని బిళ్ల ఇచ్చేవి, రాత్రి దీపం లేకుంటే పోలీసులు పట్టుకునేవాళ్లు, సినిమా హాల్లో స్టాండు టికెట్టు లేనిదే లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. రోడ్డు మీద నిలబెట్టినందుకు కారును ఎవరైనా అడిగారా? పారిస్‌లో 2024లో ఓటింగ్ పెట్టి మరీ పెద్ద కార్ల పార్కింగ్ రుసుము మూడింతలు చేశారట. అట్లాంటి ఆలోచనలు చేసేవాళ్లు వార్డు ఎన్నికల్లో నిలబడకుండా చూసుకోవాలి.

పదేళ్లలో పాలాయన మోపెడ్ కొంటాడు, పిల్లలు స్కూలు బస్సెక్కుతారు, పంచర్ దుకాణం స్థలంలో కార్ వాష్ వస్తుంది. అప్పుడు ట్రాక్‌కు శంకుస్థాపన చేద్దాం. ఆహ్వాన పత్రిక చిత్తుప్రతి ఇప్పుడే రాసి పెట్టాను, పేర్లు నింపుకుంటే చాలు. చివర్లో గమనిక కూడా చేర్చాను: "అతిథుల వాహనములు నిలుపుటకు సైకిల్ ట్రాక్‌పై ఉచిత ఏర్పాట్లు చేయడమైనది. సైకిళ్లపై వచ్చువారు బస్టాండు వెనుక గల స్టాండులో టికెట్టు తీసుకొని పెట్టవలెను."