లారీ ఎక్కని సూర్యుడు

ట్రూత్ సోషల్ నడిపే కంపెనీ ఇక సూర్యుణ్ణి కూడా నడుపుతుందట. శుభం. పోస్టులు పెట్టుకునే దుకాణానికి ప్లాస్మాతో పనేమిటని అడిగినవాడు ప్రగతి నిరోధకుడు. ఫ్యూజన్ కంపెనీ టీఏఈతో విలీనం, ఆరు వందల కోట్ల డాలర్ల పైమాట, 50 మెగావాట్ల ఫ్యూజన్ కేంద్రం. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక పెద్దమనిషి అప్పుడే కరెంటు బిల్లులకు కాలం చెల్లిందని తేల్చేశారు. ముందు ఈ నెల మెయింటెనెన్సు కట్టండి సార్.

ఇలాంటి పెళ్లిళ్లకు నేను పాత చుట్టాన్నే. 2014 అక్టోబరులో లాక్‌హీడ్ మార్టిన్ వారు లారీ మీద పట్టే రియాక్టరు ప్రకటించారు. థామస్ మెక్‌గ్వైర్ బృందం పని. ఏడడుగులు, పదడుగుల కొలత; 100 మెగావాట్లు; అయిదేళ్లలో నమూనా, పదేళ్లలో సరుకు. పత్రికలు ప్లాస్మాను పక్కన పెట్టి లారీని పట్టుకున్నాయి. లారీ ఎక్కితే ఊరూరా తిరగొచ్చు, ఓడలో దించొచ్చు, విమానంలో పెట్టొచ్చు. డ్రైవరు ఒక్కడే తక్కువ.

లారీ ఎక్కనన్నది మాత్రం న్యూట్రాన్. రియాక్టరు ఇంధనమైన డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే పుట్టే శక్తిలో అయిదింట నాలుగు వంతులు అదే పట్టుకుపోతుంది. దానికి విద్యుదావేశం లేదు, అయస్కాంతం మాట వినదు. దాన్ని ఆపాలంటే మీటరు దరిదాపుల మందాన గోడ కట్టాలి. యంత్రం చిన్నదైందని గోడ పలచబడదు. న్యూట్రాన్ బ్రోషర్లు చదవదు. పైగా వాళ్ల నమూనాలో, గడ్డకట్టే చలిలో ఉంచాల్సిన సూపర్‌కండక్టర్ చుట్టలు కొన్ని ప్లాస్మా మధ్యలోనే ఉండాలి. వాటికీ గోడ కావాలి.

గోడలన్నీ లెక్కలోకి వచ్చాక రియాక్టరు 18 మీటర్ల పొడవు, ఏడు మీటర్ల అడ్డం, రెండు వేల టన్నుల బరువు తేలింది. అప్పుడు లారీ ఏదని అడిగినవాళ్లు ఎందరు? 2021లో ఆ పని చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. బారసాలకు వచ్చిన కెమెరాలు దినానికి రాలేదు.

ఇక వెటకారం నావల్ల కాదు. టీఏఈకి మూలపురుషుడు నార్మన్ రోస్టోకర్, కాలిఫోర్నియాలో ప్లాస్మా సిద్ధాంతవేత్త. పెద్ద కక్ష్యల్లో తిరిగే వేగవంతమైన అయాన్లను ప్లాస్మాలోని చిన్నచిన్న అలజడులు అంతగా చెదరగొట్టవన్నది ఆయన పట్టుకున్న దారం. న్యూట్రాన్ల బెడద తక్కువని బోరాన్ ఇంధనాన్ని ఎంచుకున్నాడు. 1998లో కంపెనీ మొదలైంది, 2014లో ఆయన పోయాడు. ఆయన పేరు పెట్టిన యంత్రం ఏడున్నర కోట్ల డిగ్రీలు దాటింది. నిజంగా గొప్పే. కానీ బోరాన్ మండాలంటే వంద కోట్ల పైచిలుకు కావాలి. ఆ దూరాన్ని కొలిచి, ఒక్కో మెట్టూ ఎక్కడం శాస్త్రం. ఆ దూరాన్ని షేరు ధరలో దాచడం సిగ్గులేనితనం. ఒక మనిషి జీవితకాలపు ఆలోచనను తెచ్చి స్టాక్ మార్కెట్ గోడకు పోస్టరుగా అంటించారు!

కాలిఫోర్నియాలో లేజర్లతో చేసిన ఫ్యూజన్ ప్రయోగమూ అంతే. 2022 డిసెంబరులో ఇంధనం మీద పడ్డ 2.05 మెగాజౌల్స్‌కు 3.15 వచ్చాయన్నారు, ఆ లేజర్లు కరెంటు తీగ నుంచి లాగిన 300 సంగతి హెడ్డింగులో పట్టలేదు. 1951లో అర్జెంటీనా అధ్యక్షుడు పెరాన్ అయితే ఫ్యూజన్ కరెంటును పాలసీసాల్లో అమ్ముతామన్నాడు.

అయ్యా, ప్లగ్గులోంచి లాగినదెంత, తిరిగి తీగలోకి పంపినదెంత? ఈ రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూపించండి. చూపించలేకపోతే ప్రయోగశాలకు వెళ్లి పని చేసుకోండి. షేర్లు తర్వాత అమ్ముదురుగాని.