కొబ్బరికాయ తప్పేం లేదు

కె. రాఘవేంద్రరావు పాటల్లో హీరోయిన్ నడుముకు తగలని పండంటూ దాదాపు లేదు. 2010లో ‘ఝుమ్మంది నాదం’తో పరిచయమైన తాప్సీ వంతుకు కొబ్బరికాయ వచ్చింది. కొబ్బరికాయ వచ్చి పొట్టకు తగిలితే అందులో శృంగారమేమిటో తనకు అంతుపట్టలేదని 2017లో ఆమె ఓ కార్యక్రమంలో నవ్వుతూ అంది. అంతే, మనవాళ్లు భగ్గుమన్నారు. దెబ్బ తిన్నదీ ఆవిడే, చివరికి క్షమాపణ చెప్పుకున్నదీ ఆవిడే. కొబ్బరికాయ మాత్రం పరువుగా బయటపడింది.

న్యాయంగా చెప్పాలంటే మన కెమెరా హీరోనూ ముక్కలుగానే చూపిస్తుంది. ముందు బూటు, తర్వాత చేతి కడియం, ఆ పైన మెడ వెనక భాగం. అయితే ఆ ముక్కలన్నీ కలిసి మొహం దగ్గరికొచ్చి ఆగుతాయి, హాల్లో కాగితాలు ఎగురుతాయి. హీరోయిన్ ముక్కలు కలవవు. నడుము దగ్గర బయల్దేరిన కెమెరా పల్లవి అయిపోతున్నా మొహం దాకా చేరదు. చేరినా అక్కడ దానికేం పని? మళ్లీ కిందికి దిగుతుంది.

అడిగితే కథ డిమాండ్ చేసిందంటారు. రెండున్నర గంటల్లో ఒక్క చోట కూడా లాజిక్ అడగని కథ, హీరోయిన్ ఏం పని చేసి బతుకుతుందో అడగని కథ, మాస్ పాట వచ్చేసరికి మాత్రం లంగా పొడవు దగ్గర భీష్మించుకు కూర్చుంటుంది!

2025 జనవరిలో ‘డాకు మహారాజ్’లోని ‘దబిడి దిబిడి’ బయటికొచ్చింది. బాలకృష్ణకు 64, ఊర్వశీ రౌతేలాకు 30 అని లెక్కలు కట్టి మరీ తిట్టినవాళ్లున్నారు. ఈడూ జోడూ కుదిరిన జంట అయితే ఆ స్టెప్పులు సంప్రదాయ నృత్యమైపోతాయి కాబోలు. మార్చిలో ‘రాబిన్‌హుడ్’ వంతు. ‘అదిదా సర్‌ప్రైజు’లో కేతికా శర్మతో వేయించిన స్టెప్పు మీద గగ్గోలు పుట్టింది. పాటల్లో అసభ్య నృత్యాలు వద్దని తెలంగాణ మహిళా కమిషన్ హెచ్చరించింది. సినిమా హాలుకొచ్చేసరికి స్టెప్పు మాయం. సంతోషం. దాన్ని కనిపెట్టి, నేర్పి, కెమెరా ఏ ఎత్తులో ఉండాలో తేల్చి, ‘టేక్ ఓకే’ అన్న కళ్లు మాత్రం ఈపాటికి ఇంకో పాటకు లొకేషన్ వెతుకుతుంటాయి.

మగవాళ్లకు మనోభావాలు లేవనుకునేరు. 2021లో ‘పుష్ప’ కోసం చంద్రబోస్ ‘ఊ అంటావా’ రాశారు. ఆడది ఏం కట్టుకున్నా మగాడి బుద్ధి మారదన్నదే అందులోని ఫిర్యాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఓ పురుషుల సంఘం వెంటనే కోర్టుకెక్కింది. ఈ పాట మగజాతిని కామాంధులుగా చిత్రిస్తోంది, నిషేధించండి అని. ఇన్నేళ్లుగా ఇన్ని పాటలు ఆడదాన్ని కొలుస్తూ పోతుంటే కదలని పరువు, ఒక్క పాట మగాడికి పేరు పెట్టేసరికి గంగలో కలిసింది. ఆ పాటలోనూ కెమెరా సమంత నడుము చుట్టూనే ప్రదక్షిణాలు చేసింది. వాళ్ల కేసు దాని మీద కాదు లెండి.