150 గ్రాముల పొడి, బస్తాల ముగ్గు

60 వేల లీటర్లు పట్టే ఊరి ట్యాంకీకి బ్లీచింగ్ పొడి ఎంత కావాలి? వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల చొప్పున 150 గ్రాములు. కలరాను ఆపడంలో చిక్కంతా ఇక్కడే ఉంది: మరీ చవక. 150 గ్రాములకు టెండరు పిలవలేం, కొబ్బరికాయ కొట్టలేం. ఫొటో దిగుదామంటే ట్యాంకీ మెట్లకు తుప్పు.

అందుకని పొడిని నేలకు దించాం. పిట్లం కానీ, బిచ్కుంద కానీ, బాన్సువాడ కానీ, పెద్దసారు వస్తున్నారంటే మన పక్క మోరీ గట్లు తెల్లబడతాయి. ట్యాంకీకి దొరకని పొడి రోడ్డుకు బస్తాల్లో దొరుకుతుంది. మట్టీ చెత్తా తగలగానే అందులోని క్లోరిన్ చచ్చూరుకుంటుంది, వాసన మాత్రం సారు కారు ఎక్కేదాకా నిలుస్తుంది. కావలసింది అదే కదా.

గత్తర వస్తే మన తాతలు అమ్మవారికి మొక్కేవారు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహాకాళి గుడి కథ 1813 నాటి కలరాతోనే మొదలవుతుందని చెబుతారు. వాళ్లకు క్రిమి సంగతి తెలియదు. మనకు తెలిసీ మోరీకి మొక్కుతున్నాం. పైగా బోనమైతే ప్రసాదమన్నా దక్కేది.

క్రిమికి మోరీ గట్టెంట నడిచే అలవాటు లేదు. అది నల్లా దారిన దర్జాగా వస్తుంది. నల్లా పైపును మోరీలోంచే లాగింది మనమే. నీళ్లు వదిలినప్పుడు పగులులోంచి బయటికి కారతాయి. బందయ్యాక పైపు ఖాళీ అవుతూ అదే పగులులోంచి మురికిని లోపలికి పీలుస్తుంది. మర్నాడు మొదటి బిందె పట్టిన ఇంటికే తొలి వాటా. మిషన్ భగీరథ ఇంటింటికీ నల్లా ఇచ్చింది, పగులు దానికి మోరీని కలిపింది. హైదరాబాద్‌ భోలక్‌పూర్‌లో 2009 మేలో పదిమందికి పైగా ప్రాణాలు పోయింది ఇలా మురుగు కలిసిన నీళ్లతోనే.

అప్పుడన్నా పైపు చూస్తామా? ముందు లెక్క చూస్తాం. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలితే, దానితో పోయింది ఒక్కరే, మిగతావాళ్లవి వేరే జబ్బులు అన్నారు అధికారులు. తర్వాత ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి పది కుటుంబాలకు లక్ష చొప్పున ప్రకటించారు. వేరే జబ్బులన్నీ కూడబలుక్కుని ఒకే ఊరికి, ఒకే వారంలో రావడం వైద్యశాస్త్రానికి కొత్త విషయమే. ఎవరన్నా పరిశోధన చేయాలి.

మనకు చేతకాదంటే ఒప్పుకోను. కలరాకు వాడే డాక్సీసైక్లిన్ వంశంలో తొలి మందు ఆరియోమైసిన్. 1948లో అది బయటికొచ్చినప్పుడు ఆ పరిశోధనకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నోటి టీకా హిల్‌కాల్‌ను 2024లో విడుదల చేసింది హైదరాబాద్ భారత్ బయోటెక్. మందు మనదే, టీకా మనదే. ఇక రోగమొక్కటే పరాయిది కావడమెందుకని పట్టుబట్టి ఉంచుకున్నాం. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో వేల ప్రాణాలు నిలిపాయి. మనూళ్లో ఇప్పటికీ సెలైన్ ఎక్కించనివాడు డాక్టరే కాడు.

2025 ఆగస్టు చివర కామారెడ్డి, ఎల్లారెడ్డి పక్క ఊళ్లను వాన ముంచెత్తింది. అలా మునిగినచోట నీళ్లు తీసిన వెంటనే కావలసింది పైపు కడగడం, పగుళ్లు పూడ్చడం, క్లోరిన్ వేసి అరగంట ఆగి వదలడం. చివరి ఇంటి నల్లా దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా క్లోరిన్ మిగలాలి. అది ఉంటే ఆర్థోటాలిడిన్ చుక్క వేయగానే నీళ్లు పసుపు రంగుకు తిరిగి పచ్చబడతాయి. ఖర్చు చుక్కంత, అందుకే ఎవరూ వేయరు. రిజిస్టర్‌లో మాత్రం ప్రతిరోజూ క్లోరినేషన్ జరుగుతుంది, ఆదివారాలతో సహా.

ఈసారి ఆ రిజిస్టర్ పట్టుకుని చివరి ఇంటికే పోదాం. ఒక గ్లాసులో చుక్క వేద్దాం. నీళ్లు పచ్చబడకపోతే, అదే నల్లా నుంచి రెండో గ్లాసు పట్టి, సంతకం పెట్టినవారి చేతికి మర్యాదగా ఇద్దాం.

తాగేదాకా అక్కడే నిలబడదాం.