స్టార్ గుర్తు కింద దాక్కున్న చర్మం

మహారాజశ్రీ కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ చీఫ్ కమిషనర్ గారి సముఖమునకు, న్యూఢిల్లీ.

బస్తర్ జిల్లా జగదల్‌పూర్ నుంచి ఒక తెలుగింటి ఇల్లాలు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు, మీ ఆఫీసు, మీ ఫైళ్లు కూడా క్షేమమని తలుస్తాను. వానలు బాగా పడ్డాయి, ఇంద్రావతి నిండుగా ఉంది. 75 రోజుల మా దసరాకి సిరహాసార్ దగ్గర రథం పని మొదలైంది, బాడిసెల చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది.

మర్యాదలు ఇంతవరకు చాలు. నిన్న పొద్దున నా ఫోనుకొచ్చిన మెసేజ్ చదవండి. "దసరా ధమాకా! లూజ్ స్కిన్‌తో బాధపడుతున్నారా? స్కిన్ టైటెనింగ్ ప్యాకేజీపై భారీ తగ్గింపు. మా పాత కస్టమర్లకు మాత్రమే."

పాత కస్టమర్ని నేనే. లూజ్ స్కిన్ కూడా నాదే. అది ఇలా బయటపడింది ఎవరి దగ్గరో తెలుసా? ఆ మెసేజ్ పంపినవాళ్ల దగ్గరే! అయ్యా, అమ్మా, ఆ కుర్చీలో ఎవరుంటే వారు, మీరే చెప్పండి. ఇల్లు కూల్చినవాడే వచ్చి "గోడ కడతాను, మీకైతే తక్కువకే" అంటే మీ ఊళ్లో ఏం చేస్తారు?

ఆ క్లినిక్ పేరు రాయను. రాస్తే పరువునష్టం నోటీసు నాకొస్తుంది, పరువు ఎవరిదో మీకే తెలియాలి. విశాఖలో ఉంది, అంతవరకు చాలు. విశాఖ ఎందుకు అని మీరు అడగొచ్చు. మాకు రాజధాని రాయపూర్, ఆసుపత్రి మాత్రం విశాఖ. రాయపూర్‌కి నేరుగా రైలు దారి లేదు, రోడ్డున పోదామంటే కేశ్‌కాల్ ఘాట్‌లో లారీల వెనక నిలబడి ఇష్టదైవాన్ని తలుచుకోవాలి. (మీ శాఖ కాదని తెలుసు. కాగితం నాది, రాసుకోనివ్వండి.) బైలడిలా ఇనుప రాయిని ఓడకెక్కించడానికి వేసిన కిరండూల్ లైను మీదే మా మోకాళ్లు, మా గుండెలు, మా కంటి శుక్లాలు అరకు సొరంగాలు దాటి విశాఖ పోతాయి. పొట్ట కూడా ఆ బండిలోనే పోయింది.

పోవడానికి ముందు వాళ్లే మా ఊరొచ్చారు. ఒక హోటల్ హాల్లో "ఉచిత కన్సల్టేషన్ క్యాంపు" పెట్టారు. చేతిలో ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి, అందరినీ "అక్కా" అనే పిలుపు. "కత్తి లేదక్కా, కుట్లు లేవు, మత్తు లేదు. సిట్టింగ్ అవగానే మీరు లేచి మీ పని చూసుకోవచ్చు." గోడ మీద బొమ్మలు, ముందు ఇలా, తర్వాత ఇలా. తర్వాతి బొమ్మలో ఆమె ఊపిరి బిగబట్టిందని, లెగ్గింగ్ బొడ్డు మీదికి లాక్కుందని, లైటు కూడా పక్కకు జరిగిందని మా వీధిలో ఫొటో స్టూడియో కుర్రాడు చెప్పాడు. అది తర్వాతి సంగతి. నేను మాత్రం అప్పుడే అడిగాను, "కొవ్వు పోతే చర్మం వేలాడదా తల్లీ?" అని. ఆ అమ్మాయి తడుముకోలేదు. "అదే టైట్ అయిపోతుందక్కా."

ఈ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం మీదే.

కత్తి లేదంటే మా ఇళ్లల్లో ఎందుకు నమ్ముతారో కొత్తగా చెప్పాలా? 2015 జూన్‌లో సినిమా హీరోయిన్ ఆర్తీ అగర్వాల్ పోయింది, లైపోసక్షన్ చేయించుకున్న కొన్ని వారాలకే. ముప్పై ఒక్కేళ్ల పిల్ల. ఆ వార్త చదివాక తెలుగు ఆడవాళ్లకు లైపోసక్షన్ అన్న మాట చెవిన పడితేనే వణుకు. అదే ఏడాది నవంబరులో అనుష్క సినిమా "సైజ్ జీరో" వచ్చింది, బరువు తగ్గిస్తామని మోసం చేసే క్లినిక్ కథే అది. చూశాం, చప్పట్లు కొట్టాం, పాప్‌కార్న్ తిన్నాం. వ్యాపారం చేసేవాళ్లు మాత్రం బోర్డు మార్చారు. "సర్జరీ" తీసేసి "నాన్ సర్జికల్" పెట్టారు. మా భయాన్నే పెట్టుబడిగా పెట్టుకున్నారు.

కొవ్వుని చల్లబరిచి తగ్గించే ఆ యంత్రం అబద్ధం కాదు సుమండీ. ఆ న్యాయం నేను చేస్తాను. ఐస్ పుల్ల చప్పరించిన పసిపిల్ల బుగ్గలో కొవ్వు గడ్డకట్టిందని 1970లో అమెరికా వైద్య పత్రికలో రాశారు. కొవ్వు కణానికి చర్మం కంటే చలి తొందరగా తగులుతుందన్న సంగతి పట్టుకుని, 2008లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు మాన్‌స్టీన్, ఆండర్సన్ పందుల మీద చేసిన ప్రయోగాలు అచ్చువేశారు. నడుము పక్కల కొవ్వుకి 2010లో, పొట్టకి 2012లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఒక కప్పు పొట్టని లోపలికి పీల్చుకుంటుంది, చల్లబరుస్తుంది, కొవ్వు కణాలు కొన్ని చచ్చిపోతాయి, రెండు మూడు నెలల్లో ఒళ్లు వాటిని ఊడ్చేస్తుంది. అక్కడి కొవ్వు పొరలో అయిదో వంతు, మహా అయితే నాలుగో వంతు తగ్గుతుంది. బరువు తగ్గించడానికి కాదు, దాదాపు సరిపడా బరువున్నవాళ్లకు మొండికేసిన ఒక ముద్ద తీయడానికి. ఈ మాటలన్నీ ఆ యంత్రం తయారుచేసినవాళ్లే చెబుతారు. క్యాంపుకొచ్చిన ట్యాబ్‌లోనే లేవు.

చర్మం మాట వేరు. కొవ్వు తగ్గితే చర్మం వెనక్కి పోవాలి, పోవాలంటే దానిలో సాగే గుణం మిగిలి ఉండాలి. ఆ గుణం ఇచ్చే ఎలాస్టిన్ తల్లి కడుపులో, చిన్నతనంలో తయారవుతుంది, పెద్దయ్యాక కొత్తది దాదాపు పుట్టదు. ఇరవై అయిదేళ్ల అమ్మాయికి, కాన్పు కాని పొట్టకి, చర్మం బుద్ధిగా సర్దుకుంటుంది. రెండు కాన్పులు, ఎండలు, ఒకసారి లావెక్కి ఒకసారి చిక్కిన యాభయ్యేళ్ల చర్మం ఎక్కడికి పోతుంది? చిటికెతో పట్టి వదిలితే టక్కున వెనక్కి పోతోందా, మడతలాగే నిలబడుతోందా అని చూస్తే ఏ డాక్టరుకైనా తెలిసిపోతుంది. నన్నూ చిటికెతో పట్టి చూశారండీ! కొవ్వు ఆ కప్పులో ఇముడుతుందా లేదా అని మాత్రం చూశారు. చర్మం వంక చూసినవాళ్లు లేరు.

నెలలు గడిచాయి. కొవ్వు తగ్గింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఇంతకాలం కొవ్వు లోపల నుంచి మోసిన చర్మం బొడ్డు కింద మడతపడి కూర్చుంది. చీర కుచ్చిళ్లు దోపే చోట సరిగ్గా అక్కడే. బస్తర్ ఉక్కలో ఆ మడత కింద చెమట చేరి ఒరుసుకుపోతుంది, దురద, ఎరుపు, రాత్రికి పౌడరు, పగలుకి మందు. పొట్ట ఉన్న రోజుల్లో ఈ బాధ లేదు. ఇది చెప్పుకునే బాధా? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చనీ, అక్కడ 17 భాషల్లో వింటారనీ తెలుసు. "పొట్ట తోలు" అన్నది ఏ విభాగం కిందికి వస్తుందో నాకే తేలక ఆగాను.

మళ్లీ క్లినిక్కి వెళ్తే "అక్కా" పోయి "మేడమ్" వచ్చింది. "మేడమ్, మేం ఫ్యాట్‌కి తీసుకున్నాం, స్కిన్‌కి వేరే ప్యాకేజీ." డబ్బు వెనక్కి ఇవ్వరట, కాగితం మీద ఇంగ్లీషులో సంతకం పెట్టానట. వాయిదాలు ఇంకా కడుతున్నాను. ఉన్న కొవ్వుకి కాదు, పోయిన కొవ్వుకి.

ఆ వేరే ప్యాకేజీ ఏమిటో కనుక్కున్నాను. రేడియో తరంగాలతో చర్మం లోపలి పొరని వేడి చేస్తారు. వేడికి కొల్లాజెన్ ముడుచుకుంటుంది, తర్వాత నెలల మీద కొత్తది కాస్త పుడుతుంది. కొంచెం వదులైన చర్మానికి కొంచెం మేలు. మడతపడి వేలాడేదాన్ని ఏ వేడీ మాయం చేయదు, కోసి తీసేసి కుట్టాల్సిందే. అంటే ఏ కత్తి లేదని నన్ను బండెక్కించారో, ఆ కత్తి దగ్గరికే. ఈ మాట నాకు చెప్పింది ఒక ప్లాస్టిక్ సర్జన్. మొదట ఆయన్నే అడిగి ఉంటే పోయేదిగా అంటారేమో. ఆయన హోటల్ హాల్లో క్యాంపులు పెట్టడండీ!

ఇక మీ సంగతి. 2022 జూన్ 9న తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మీరు నిబంధనలు తెచ్చారు. పేపర్లో చదివాను, సంతోషించాను. ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెబితే షరతు కూడా ఆ భాషలోనే ఉండాలన్నారు, ఏ అక్షరాల్లో చెబితే ఆ అక్షరాల్లోనే ఉండాలన్నారు. నా దగ్గరున్న కరపత్రం చూడండి. "కత్తి లేకుండా కొవ్వు మాయం" అని తెలుగులో, నా అరచేయంత అక్షరాలు. మాయం పక్కన ఒక స్టార్ గుర్తు. కాగితం అడుగున, మడత పెట్టే చోట, అదే స్టార్ పక్కన ఇంగ్లీషులో ఒక సన్నటి గీత. భూతద్దం పెడితే తెలిసింది, గీత కాదు, వాక్యం. ఫలితాలు మనిషిని బట్టి మారతాయట. చర్మం అన్న మాట అందులోనూ లేదు.

మొదటి తప్పుకి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం చట్టం మీకిచ్చింది. ఐఏఎస్ కోచింగ్ సెంటర్ల ర్యాంకుల ప్రకటనల మీద వేశారు కూడా. మంచి పని. అయితే ర్యాంకు రానివాడు మళ్లీ పరీక్ష రాసుకోవచ్చు. నా పొట్టకి మరుసటేడు నోటిఫికేషన్ లేదు.

ఇంకా మీ పక్క ఆఫీసుల వాళ్లకు కూడా ఈ కాగితం చూపించండి. యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని ఒంటి మీద సౌందర్య చికిత్సలు మొదలుపెట్టకూడదని 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ చెప్పాల్సి వచ్చింది. అలా చెప్పాల్సి వచ్చిందంటేనే బయట ఏం జరుగుతోందో ఊహించుకోండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికి వచ్చాయి. మరి నా పొట్ట మీద పెట్టిన కప్పు ఏ కంపెనీది, అసలుదా నకలుదా, ఎవరి ఎదుట రిజిస్టరైంది? అడిగితే "అమెరికన్ టెక్నాలజీ మేడమ్" అన్నారు. అమెరికాలో ఆ టెక్నాలజీతోనే పేరున్న మోడల్ లిండా ఎవాంజెలిస్టాకి కొవ్వు తగ్గకపోగా గట్టిపడి పెరిగింది. ఆ సంగతి 2021లో ఆమే బయటపెట్టి కోర్టుకెక్కింది. అరుదే, కానీ అరుదైనది కూడా చెప్పాలి కదా. నాకైతే అరుదైనది కూడా జరగలేదు. మామూలుగా జరిగేదే జరిగింది, అదే ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు బరువు తగ్గించే మందు మౌంజారో కూడా వచ్చింది, 2025 మార్చి నుంచి. ఇంజెక్షన్ పొడుచుకుని చకచకా చిక్కేవాళ్లు మా కాలనీలోనే కనిపిస్తున్నారు. వాళ్ల చర్మాలన్నీ రేపు ఎక్కడికొస్తాయి? ఈ దసరా ధమాకాలకే వస్తాయి.

ఎక్కువ రాశాను. కోపంగా రాశాను. ఇప్పుడు కోపం లేదు, ఒక్క విషయం అడగడానికి ఈ కాగితమంతా ఖర్చయింది.

మా మేనకోడలికి కాన్పయి ఏడాది కూడా కాలేదు. పిల్లకి ఇంకా పాలిస్తోంది. పొట్ట దానంతట అది తగ్గడానికి, చర్మం వీలైనంత సర్దుకోవడానికి టైమిమ్మని డాక్టరమ్మే చెప్పింది. ఆ పిల్ల వినడం లేదు. ఆ క్యాంపు ప్రకటనే దాని ఫోనులోకి కూడా వచ్చింది. ఈసారి స్టార్ గుర్తు కూడా లేదు. "నీ కేసు వేరు అత్తా, నీకు వయసైపోయింది" అంటోంది. దసరా వెళ్లగానే విశాఖకి టికెట్ తీసుకుంది. డబ్బు మొగుణ్ణి అడగలేదు, తను దాచుకున్నదే.

జరిమానా వేయకపోయినా సరే. నా వాయిదాలు నేనే కట్టుకుంటాను. ఈ ప్రకటనల్లో చర్మం గురించి ఒక్క వాక్యం పెట్టించండి. తెలుగువాళ్లకు తెలుగులో, ఇక్కడి వాళ్లకు హిందీలో, వీలైతే హల్బీలో, కొవ్వు మాయం అన్నంత పెద్ద అక్షరాలతో. ముందు డాక్టరు చేత చర్మం చూపించుకోమని రాయించండి. నేను చెబితే అది నవ్వుతుంది. ప్రకటనలో ఉంటే చదువుతుంది. దసరా లోపు, దయచేసి.

ఇట్లు,
తమ విధేయురాలు,
జగదల్‌పూర్