ముహూర్తం మారును

2020లో కొవిడ్‌తో మూతపడ్డ మన ఆంధ్రప్రదేశ్ బడులు తెరవడానికి పెట్టిన ముహూర్తాలు ఒకటా రెండా! ఆగస్టు 3 అన్నారు. సెప్టెంబరు 5 అన్నారు. అక్టోబరు 5 అన్నారు. చివరికి నవంబరు 2న తలుపు తీశారు, అదీ పెద్ద తరగతులకే. (పెళ్ళిచూపులకైనా ఇన్ని వాయిదాలుండవు.) ఈలోగా అక్టోబరు మొదట్లోనే మన విజయనగరం జిల్లాలో, గంట్యాడ ఉన్నత పాఠశాల పిల్లలకు కొవిడ్ బయటపడింది.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం, పిల్లల్ని పంపండంది సర్కారు. పంపాలంటే మాత్రం తల్లిదండ్రులు సమ్మతి పత్రం రాసివ్వాలన్నారు! జాగ్రత్తలు తమరివీ, సంతకం మాదీనా? ఇదేటి నాయం బావూ అని బొబ్బిలి తండ్రి అడిగితే తప్పేముంది?

ఏలినవారూ, మళ్ళీ అలాంటి కాగితం అడిగితే, అందులో మీ సంతకానికీ కాస్త చోటుంచండి.