దువ్వాడ టిఫిన్ బండి బోర్డుకు టీకా తాత్పర్యం

అవతారిక

దువ్వాడ స్టేషను నుంచి కూర్మన్నపాలెం వైపు వెళ్లే దారిలో ఒక టిఫిన్ బండి ఉంది. దాని నెత్తిన రేకు బోర్డు, బోర్డు మీద ఎర్ర పెయింటుతో నాలుగు పాదాల రచన. కందం కాదు, ఆటవెలది కాదు. యతి లేదు, ప్రాస అసలే లేదు. బోర్డు రాసిన ఆర్టిస్టు కింద సంతకం పెట్టుకున్నాడు గానీ, మాటలు చెప్పి రాయించిన బండి యజమాని పెట్టుకోలేదు. లేఖకుడు దొరికి కర్త దొరక్కపోవడం మన సాహిత్యానికి కొత్తేమీ కాదు.

కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన కోలాచలం మల్లినాథ సూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ముందే మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. మొదటి నియమం నేనూ పాటిస్తాను. రెండోది పాటిస్తే ఇడ్లీ బండికి వ్యాఖ్య రాయడమే కుదరదు.

మూలం

ఏ షిఫ్టు వారికి 5 గంటలకే వేడి ఇడ్లీ
హాఫ్ ప్లేటు కలదు
రైలు వారికి పార్శిలు తక్షణం
ఖాతా ఉద్యోగస్తులకు మాత్రమే

గ్రంథ విషయం: కొనేవాడెవడో తెలుసుకోవడం. మార్కెట్టును ఒకే ముద్దగా చూడకూడదు, విడగొట్టి చూడాలని వెండెల్ స్మిత్ అనే అమెరికా పండితుడు 1956లో ఒక వ్యాసం రాశాడు. మన కవి ఆ వ్యాసం చదవలేదు. నాలుగు పాదాల్లో నలుగురిని విడగొట్టేశాడు.

ప్రథమ పాదం

టీక: ఏ షిఫ్టు వారికి = పొద్దున్న ఆరింటికల్లా ఉక్కు కర్మాగారంలో పనెక్కవలసిన వారికి; 5 గంటలకే = కోడి కంటే ముందుగా; వేడి = పొగ కంటికి కనబడేటంత; ఇడ్లీ = ఇడ్లీ.

శంక: "ఏ" ప్రశ్నార్థకం కదా, ఏ షిఫ్టు వారికని కవి మననే అడుగుతున్నాడా? సమాధానం: ఈ శంక పై ఊళ్ల నుంచి వచ్చినవారికే కలుగుతుంది. ఇక్కడి పిల్లలకు అ, ఆల కంటే ముందు ఏ, బీ, సీ, జనరల్ వస్తాయి. ఆరుకు ఏ, రెండుకు బీ, రాత్రి పదికి సీ.

తాత్పర్యం: కస్టమరు అంటే మనిషి కాదు, వేళ.

ఇది కొంచెం విప్పి చెప్పాలి. వ్యాపార పాఠాల్లో కస్టమరు బొమ్మ ఇలా గీస్తారు: మగవాడు, నలభై దాటినవాడు, సొంత ఇల్లు, మోటారు సైకిలు, ఇద్దరు పిల్లలు. ఈ బొమ్మ పట్టుకుని మన కవి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నానికి దివాలా. ఆ నలభై దాటినవాడే ఏ షిఫ్టు నాడు నిలబడి నాలుగు ఇడ్లీలు మింగి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని పరుగెత్తుతాడు. సీ షిఫ్టు దిగిన నాడు ఆరున్నరకు నింపాదిగా వచ్చి, స్టూలు లాక్కుని, పెసరట్టులో అల్లం ఎక్కువ వేయమని, ఉల్లి సన్నగా తరగలేదని, చివర ఒక గారె రుచి చూస్తానని గంట గడుపుతాడు. వయసు మారలేదు, జీతం మారలేదు, పిల్లలు ఇద్దరే. షిఫ్టు తిరిగిందంతే. మొదటివాడికి కావలసింది ఇడ్లీ కాదు, గేటు దాటడానికి మిగిలే నిమిషాలు. రెండోవాడికి కావలసింది రాత్రంతా కొలిమి ముందు నిలబడ్డాక ఎవరి మీదైనా కాస్త విసుక్కునే హక్కు.

విదేశీ ప్రమాణం: హార్వర్డు ఆచార్యుడు క్లేటన్ క్రిస్టెన్సెన్ ఒక మిల్క్‌షేక్ కథ చెప్పేవాడు. కొనేవాళ్ల రుచులూ వివరాలూ ఎంత సేకరించినా ఆ కంపెనీ అమ్మకాలు పెరగలేదట. తీరా గమనిస్తే దాదాపు సగం మిల్క్‌షేకులు పొద్దున్నే పోతున్నాయి. కొనేది ఒంటరిగా కారులో ఆఫీసుకు పోయేవాళ్లు. దూరం దారిలో విసుగు పోగొట్టుకోవడానికి చిక్కగా, త్వరగా అయిపోనిదేదో ఒక చేతిలో ఉండాలి వాళ్లకు. ఆ సంగతి తేల్చడానికి పరిశోధకుడొకడు గంటల తరబడి కొట్లో నిలబడ్డాడు. మన కవి కూడా నిలబడే ఉంటాడు, కాకపోతే చేతిలో గరిటె ఉంటుంది.

ద్వితీయ పాదం

టీక: హాఫ్ ప్లేటు = సగం పళ్లెం, అనగా రెండు ఇడ్లీలు; కలదు = అడిగితే మొహం మాడ్చుకోము.

ఇది విజ్ఞాన్ వంటి ఇంజనీరింగు కాలేజీల హాస్టలు పిల్లల కోసం. ఇద్దరొస్తారు, ఒక హాఫ్ ప్లేటు చెబుతారు, మూడు ప్లేట్ల చట్నీ తింటారు. "ఏటి గురూ, బొంబాయి చట్నీ అయిపోయిందా?" అని నాలుగోసారి అడిగేది వీళ్లే. వీళ్ల మీద లాభం లేదని కవికి తెలుసు. అయినా ఈ పాదాన్ని తొలగించడు, ఎందుకంటే బండి చుట్టూ జనం లేకపోతే డబ్బున్నవాడు ఆగడు. ఇంతకు మించి ఈ పాదంలో గూఢార్థం లేదు.

తృతీయ పాదం

టీక: రైలు వారికి = రైలుతో పని ఉన్నవారికి; పార్శిలు = కట్టి ఇచ్చునది; తక్షణం = మిగతావారు ఆగవలెనని భావం.

హౌరా, చెన్నైల మధ్య తిరిగే రైలు విశాఖ స్టేషను లోపలికి వెళితే ఇంజను ఈ కొసన విప్పి ఆ కొసన తగిలించాలి. ఆ జంజాటం వద్దనుకున్న రైళ్లు నగరాన్ని తప్పించి దువ్వాడలో కాసేపు ఆగి వెళ్లిపోతాయి. అందువల్ల విశాఖకు వచ్చేవాళ్లు ఎందరో విశాఖలో దిగరు, వేళకాని వేళ ఇక్కడ దిగుతారు.

శంక: రైలు వారనగా ఎక్కేవారా, దిగేవారా? పండితులు రెండు పక్షాలుగా చీలారు. ఎక్కేవాడు కూర్చోడు, చిల్లర అడగడు, రేటు చూడడు, సెల్‌ఫోన్లో రైలు ఎక్కడుందో చూస్తూ చెయ్యి చాపుతాడు. దిగినవాడు సంచులు కింద పెట్టి, ముందు ఆర్టీసీ కాంప్లెక్సుకు ఆటో ఎంతని అడుగుతాడు, తర్వాత ఆటోవాడు చెప్పిన రేటు న్యాయమేనా అని అడుగుతాడు, ఆ తర్వాత గానీ టీ చెప్పడు. పార్శిలు మొదటివాడికే. రెండోవాడు కొనేది సమాచారం, టీ దానికి ఇచ్చుకునే రుసుము. కాబట్టి ఎక్కేవారనే పక్షమే సిద్ధాంతం.

చతుర్థ పాదం

టీక: ఖాతా = అప్పు, గౌరవంగా; ఉద్యోగస్తులకు = ప్లాంటులో పర్మినెంటు వారికి; మాత్రమే = నువ్వు కాదు.

గ్రంథానికి ఆయువుపట్టు ఇదే. ఖాతా పుస్తకం ఒకసారి తిరగేసి చూశాను. పేర్లు లేవు. "కోక్ ఓవెన్, నల్ల బ్యాగు". "వైర్ రాడ్ మిల్లు, ఉల్లి వద్దు". "ఎస్.ఎం.ఎస్. మీసాలు, పదో తారీకు" (ఎస్.ఎం.ఎస్. = ఉక్కు కరిగించే విభాగం). కంప్యూటరు పండితుడు ఆలన్ కూపర్ 1999లో పుస్తకం రాస్తూ, లేని కస్టమరును ఊహించి, అతనికొక పేరు, ఒక జీవితం కల్పించుకోమన్నాడు. ఇక్కడ తద్విరుద్ధం. మనిషి నిజం, అతని పేరొక్కటే అనవసరం. డిపార్టుమెంటును బట్టి ఏ గేటు దారిన వస్తాడో తెలుస్తుంది, బ్యాగును బట్టి గుర్తుపట్టవచ్చు, తారీకును బట్టి ఎప్పుడు అడగాలో తెలుస్తుంది.

ఇక "మాత్రమే". ఆ ప్లాంటు 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన విశాఖ ఉక్కు కర్మాగారం. 1992లో జాతికి అంకితమయ్యాక దువ్వాడ, గాజువాక, కూర్మన్నపాలెం కొట్లకు "ప్లాంటాయన" అన్న మాటే పూచీకత్తు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం దాన్ని వంద శాతం అమ్మేయడానికి ఒప్పుకుంది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న పాత నినాదం మళ్లీ గోడలెక్కింది. ఢిల్లీకి అది విధానం. బండివాడికి అది అప్పు ఎంతదాకా ఇవ్వొచ్చన్న ప్రశ్న. 2024లో జీతాలు ఆలస్యమై, విడతలుగా పడ్డప్పుడు "పదో తారీకు" అన్న గుర్తు కొట్టివేసి "పడ్డాక" అని రాసుకున్నాడు. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటిస్తే పేపరు మడిచి గల్లాపెట్టె కింద పెట్టుకున్నాడు. ఆ కాగితాన్ని అతడంత శ్రద్ధగా చదివినవాళ్లు మార్కెట్టు నిపుణుల్లోనూ తక్కువే.

దోషం: నిజానికి అప్పు కావలసింది కాంట్రాక్టు కార్మికుడికి. పనిలోంచి ముందు తీసేదీ అతన్నే, ఖాతా లేనిదీ అతనికే. ఇది న్యాయమని నేను వ్యాఖ్యానించలేను. అయితే మూలం ఒకటి, సంప్రదాయం ఒకటి. పుస్తకంలో ఒకచోట "కోక్ ఓవెన్ నల్ల బ్యాగు" కింద చిన్న గీత గీసి "ఆయన మనిషి" అని ఉంది. పర్మినెంటాయన పూచీ మీద కాంట్రాక్టు కుర్రాడు తింటున్నాడన్నమాట. బోర్డు కాదన్నదాన్ని పుస్తకం ఒప్పుకుంది.

ధ్వని: కర్మాగారంలో మూడో బ్లాస్ట్ ఫర్నేసు పేరు అన్నపూర్ణ. టిఫిన్ బండి మీద రాసే వ్యాఖ్యలో దీన్ని వదిలేస్తే ఆలంకారికులు క్షమించరు.

అధ్యాహారం

మూలంలో లేకపోయినా తెచ్చుకోవలసినది అధ్యాహారం. 1989లో ఎగుమతుల మండలిగా ఏర్పాటై తర్వాత సెజ్‌గా మారిన ఆవరణ దువ్వాడలోనే ఉంది. అక్కడ పనిచేసే ఆడవాళ్లు కంపెనీ బస్సులు దిగి ఈ బండి ముందు నుంచే నడుస్తారు. నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి ప్లేటు పట్టుకోవడం వాళ్లకు ఇష్టం ఉండదు. ఆగరు, అడగరు, కాబట్టి బోర్డులో లేరు.

వాళ్లను చూసింది కవి కాదు, కవి భార్య. సాయంత్రం ఐదున్నరకు బండి వెనకవైపు చిన్న బల్ల వేసి దోసెల పిండి కవర్లలో కట్టి అమ్ముతుంది. ఇంటికెళ్లి ఇంకో షిఫ్టు చేయవలసినవాళ్లకు రుబ్బే పని ఒకటి తగ్గితే చాలునని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. "ఏటమ్మా, రేపటికి కూడా ఉంచీమంటావేటి?" అని నడిచేవాళ్లను నడుస్తుండగానే అడుగుతుంది. ఈ పాదం బోర్డు ఎక్కలేదు. ఎక్కించవలసిన అవసరం ఆమెకు కనబడలేదు, రోజూ ఆరున్నరకల్లా బల్ల ఖాళీ.

పక్క బండి మీద కూడా ఒక బోర్డు ఉంది: "అందరికీ స్వాగతం". దానికీ వ్యాఖ్య రాద్దామని కూర్చున్నాను. "అందరికీ" దగ్గర టీక తెగక ఆపేశాను.

ఇది శ్రీమదుక్కునగర ద్వారోపాంత సంచార, హాఫ్ ప్లేటు మాత్ర భక్షణ సంపాదిత పాండిత్య, ఖాతా నిరాకరణ పాత్ర నామధేయ ప్రణీతంబైన దువ్వాడ ఫలక వ్యాఖ్యయందు సర్వంబును ఏకాశ్వాసము.