ఒక్క చిల్లు, మూడు వేల లైన్లు

40 మిల్లీమీటర్ల చిల్లు, 20 లోతు. 16 ఎండ్‌మిల్లు పెట్టి చుట్టుకి అర మిల్లీమీటరు దిగితే 40 చుట్లు. అది గుండ్రమని క్యామ్ సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. తెరమీద ఎంత ముద్దుగా గిర్రున తిప్పి చూపిస్తుందో! గుండ్రమంటే మెషీన్‌కీ తెలుసు. జీ03 అంటే చాలు, తిరుగుతుంది. రెండు వైపులా ఒప్పుకున్న ఈ సంబంధాన్ని చెడగొట్టడానికి మధ్యలో పోస్ట్ ప్రాసెసర్ అనే పెళ్లిళ్ల పేరయ్య ఒకడున్నాడు. హోల్ మిల్లింగ్ సైకిల్ తనకి రాదని ఒప్పుకోడు. వృత్తాన్ని సన్నగా గీతలు గీతలుగా తరిగేస్తాడు. 10 మైక్రాన్ల తేడా దాటకుండా తరగాలంటే చుట్టుకి 77 ముక్కలు. మొత్తం 3,080 లైన్లు. మా ఫ్లాంజికి అలాంటి చిల్లులు ఎనిమిది. మిగతా లెక్క మీరు కట్టుకోండి, నాకు ఓపిక లేదు.

పోనీ దగ్గర దారి లేదా అంటే, కావలసినన్ని. హైడెన్‌హైన్ కంట్రోల్‌కి సైకిల్ 208 అని, లోతూ వ్యాసమూ చుట్టుకి ఎంత దిగాలో చెబితే సరి. సీమెన్స్‌లో వృత్తం లైను చివర టర్న్ అని పెట్టి అదనపు చుట్లెన్నో రాస్తే చాలు. ఫానక్‌లో ఒక మాక్రో రాసి పెట్టుకుని జీ65తో పిలుచుకోవచ్చు. ఇదంతా వివరించి, పోస్ట్ అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను.

"పార్ట్ కరెక్టుగా వస్తోందా సార్?"

"వస్తోందండీ, కానీ..."

"అయితే ఇష్యూ లేదు సార్. మీరడిగేది కస్టమైజేషన్ కిందికి వస్తుంది. కొటేషన్ పంపమంటారా?"

ఇడ్లీ బాగుంది, చట్నీ కూడా ఇవ్వమంటే క్యాటరింగ్ రేట్లు చెప్పే హోటలు నేనింకా చూడలేదు.

అసలీ మధ్యవర్తి ఉద్యోగం ఎక్కడ పుట్టిందా అని తవ్వితే ఒక యాష్‌ట్రే తేలింది. అమెరికాలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కల కోసం మొదలుపెట్టిన ఆలోచన, వైమానిక దళం డబ్బుతో ఎంఐటీకి చేరి, 1952 నాటికి అంకెలు చదివి నడిచే మిల్లింగ్ మెషీన్ అయింది. ఆ అంకెలు చేత్తో రాయడం మనుషుల వల్ల కాదని డగ్లస్ రాస్ బృందం ఏపీటీ అనే భాషని తయారుచేసింది. టూల్ దారి ఒకచోట లెక్కగట్టడం, దాన్ని ఏ మెషీన్‌కి ఆ మెషీన్ మాటల్లో చెప్పడానికి విడిగా ఒక పోస్ట్‌ని పెట్టుకోవడం ఆ పద్ధతే. 1959 ఫిబ్రవరి 25న విలేకరుల్ని పిలిచి సంగతి చాటారు. వచ్చినవాళ్లకి ఏపీటీతో కోసిన అల్యూమినియం యాష్‌ట్రేలు పంచారు.

యాష్‌ట్రే! ప్రచ్ఛన్న యుద్ధం, రష్యా భయం, యుద్ధ విమానాలు, గదినిండా కంప్యూటరు, ఇంత చేసి బూడిద దులుపుకోవడానికో పళ్లెం. పుచ్చుకున్నవాళ్లు కూడా దాని గురించి నా అంత ఆలోచించి ఉండరు. సిగరెట్ అలవాటు లేని విలేకరి ఏం చేసుకున్నాడు? వాళ్లావిడ అందులో పిన్నీసులు పోసుకుందా? అంచు వేలితో తడిమి, "ఫినిషింగ్ ఇంకొంచెం రావాలి" అని పెదవి విరిచిన పెద్దమనిషి ఒక్కడైనా ఉండే ఉంటాడు. ఆయన వారసుడు మా ఇన్‌స్పెక్షన్ గదిలో ఉన్నాడు. మేమూ దసరాకి ఆయుధపూజ చేసి, వచ్చినవాళ్లకి పులిహోరా కొబ్బరిముక్కా పెట్టి పంపుతాం. ఈసారి యాష్‌ట్రేలు పంచుదామనుకున్నాను గానీ, మా పోస్ట్ ఇచ్చే లైన్లన్నీ మెషీన్ చదివేసరికి సంక్రాంతి వస్తుంది.

కొటేషన్ చూశాక పోస్ట్ ఫైలు నేనే తెరిచాను. జావాస్క్రిప్ట్. ఎవరో పాతకాలపు మహానుభావుడు రాసిన వ్యాఖ్య ఒకటి అందులో కనిపించింది: దీన్ని ముట్టుకోవద్దు. ఎందుకో రాయలేదు. జీ41 కావాలని అడిగితే దాన్ని తీసుకెళ్లి వృత్తం లైను మీదే పెట్టేది ఆ ఫైలు. కటర్ కాంపెన్సేషన్ తిన్నటి గీత మీదే మొదలవ్వాలన్నది బాలశిక్ష పాఠం. ఫానక్ వెంటనే 034 అలారం కొట్టి నిలబడిపోతుంది. పోనీ అదీ సరిచేసుకుంటే, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చి, అడక్కుండా నా ఫైలు మీద తన ఫైలు పరుచుకుంటుంది.

అయినా ఈ గొడవంతా లైన్ల గురించి కాదు. 3,080 లైన్లున్నా మెషీన్ విసుక్కోదు. కష్టం ఆపరేటర్‌ది. 40 హెచ్7 అంటే మొత్తం 25 మైక్రాన్ల సందు. "బోర్ జర టైటుంది సార్, యాడ మార్చాలె?" అంటాడు. జీ41 ఉంటే ఆఫ్‌సెట్‌లో 5 మైక్రాన్లు తగ్గించుకునేవాడు, చిల్లు 10 పెరిగేది, నన్ను పిలిచే పనే ఉండేది కాదు. ఆ గీతల ప్రోగ్రామ్‌లో అతను చెయ్యి పెట్టే చోటు లేదు. మళ్లీ నేను పైకెళ్లి కంప్యూటర్‌లో మార్చి పంపేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి.

ఒకప్పుడు ఇదే మనిషి నా ప్రోగ్రామ్ లైను లైనూ చదివేవాడు. "గింత ఫీడు ఎందుకు పెట్టినవ్ సార్?" అని దెబ్బలాడేవాడు. ఆ దెబ్బలాటల్లో చాలాసార్లు అతనిదే పైచేయి. చిన్న ప్రోగ్రామ్ మెషీన్‌కి కాదు, అతనికి అవసరం. చివరికి పోస్ట్ బాగుపడి, ఇప్పుడు మాక్రోని పిలిచే ఒక్క లైనే ఇస్తోంది. కానీ కొత్తగా ఐటీఐ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆ ఒక్క లైనూ చదవరు, సైకిల్ స్టార్ట్ నొక్కుతారు. చదివినా ప్రయోజనం లేని ప్రోగ్రాములే కదా వాళ్లకి మొదటినుంచీ ఇచ్చాం. ఎవరైనా వచ్చి ఫీడు గురించి నాతో ఓసారి దెబ్బలాడితే బాగుండును.